సీమలో ఎండ తప్ప ఏముందంట!

పొద్దున కర్నూల్లో ఒక కాలేజీ సదస్సుకు పోయొచ్చాను. ఇంకా కోపం దిగలేదు. ఎండ, గాలి కరెంటుతో పెట్రోలు, విమాన ఇంధనం లాంటివి తయారు చేయడం గురించి మాట్లాడటానికి వచ్చిన పెద్దమనిషి చివర్లో నవ్వుతూ అన్నాడు: "మీ సీమలో ఎండ తప్ప ఏముందండీ? ప్లాంట్లు తీరంలోనే రావాలి. మీరు కరెంటు ఇస్తే చాలు." దానికి చప్పట్లు కూడా కొట్టారు!

ఇంకెంత ఇవ్వాలి సామీ? ఓర్వకల్లు దగ్గర గని, శకునాలలో 1000 మెగావాట్ల సోలార్ పార్కుకు దాదాపు ఆరు వేల ఎకరాలు పోయాయి. నంబులపూలకుంటలోనూ ఇచ్చాం. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉన్నాయి. మా చిన్నాయన కొడుకు ఒక సోలార్ ప్లాంటులో పని చేస్తాడు. మొన్న మిట్టమధ్యాహ్నం ఫోన్ చేసి, "అన్నా, ఉత్పత్తి తగ్గించమని చెప్పినారు. ఇప్పుడు కరెంటు తీసుకునేవాళ్లు లేరంట" అన్నాడు. మనుషులు బయట అడుగు పెట్టలేని ఎండ అది. భూములిచ్చి పట్టుకున్న ఆ ఎండను కూడా వదిలేస్తున్నారు. తలచుకుంటే కడుపు రగిలిపోతుంది.

ఆ మిగులు కరెంటుతోనే కదా ఇంధనం చేయాల్సింది! కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయాలి, దాన్ని కార్బన్‌తో కలపాలి. జర్మనీలో ఫిషర్, ట్రాప్ష్ అనే శాస్త్రవేత్తలు ఆ కలిపే పద్ధతిని 1920ల్లోనే చూపించారు. చిలీ దక్షిణ కొసన పుంటా అరేనాస్ దగ్గర 2022 డిసెంబరు నుంచి గాలి కరెంటుతో పెట్రోలు తీస్తున్నారు. గాలి ఎక్కడుందో ప్లాంటు అక్కడే పెట్టారు.

కార్బన్ ఎక్కడిదంటారా? ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో సున్నపురాయి కాలినప్పుడల్లా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కానీ అది భూమిలోంచి తీసిన కార్బన్. లెక్క సరిగ్గా సరిపోవాలంటే గాలిలోంచి తీసుకున్న కార్బన్‌నే మళ్లీ గాలిలోకి వదలాలి. మొక్క పెరిగేది గాలిలోని కార్బన్‌తోనే కదా, దానికి అనంతపురంలో శెనక్కాయ పొట్టు ఉంది. ఎండ తప్ప ఏముందని ఎలా అంటారు?

నీళ్ల మాట నాకూ గుచ్చుకుంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేల మాది. కిలో హైడ్రోజన్‌కు కనీసం 9 లీటర్ల శుభ్రమైన నీళ్లు కావాలి. తాగే నీళ్లు ఒక్క చుక్క ఇవ్వొద్దు. హంద్రీలో కలిసే మురుగునీటిని శుద్ధి చేసి వాడండి. ఇంకో మాట, ఈ ఇంధనం కార్లకు వద్దే వద్దు. ఇంజన్లో కాల్చేసరికి మొదటి కరెంటులో ఐదో వంతు కూడా చక్రం దాకా రాదు. కారుకు బ్యాటరీ ఉంది. దూరం పోయే విమానాలకు, ఓడలకు బ్యాటరీ చాలదు, వాటికి ఉంచండి.

ఇట్లా ఎండ, గాలి కరెంటుతో హైడ్రోజన్ తీసే గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది విశాఖ పక్కన పూడిమడకలో. వాళ్లకు రావద్దని నేననను. కానీ మాకెప్పుడూ ఇంతే. 1937లో శ్రీబాగ్ ఒప్పందంలో కోస్తా నాయకులు సీమకు రాజధానో హైకోర్టో ఇస్తామని మాట ఇచ్చారు. 1953లో కర్నూలు రాజధాని అని డేరాలు వేశారు, మూడేళ్లకు పీక్కుని హైదరాబాద్ పోయారు. ఆ డేరాల సంగతి మా నాయన చనిపోయేదాకా చెప్తూనే ఉన్నాడు.

మా చిన్నాయన నాలుగెకరాలు సోలార్‌కే పోయాయి. కొడుకు బీఎస్సీ కెమిస్ట్రీ ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు. ఇప్పుడు ట్యాంకర్ నీళ్లతో ప్యానెళ్లు కడిగిస్తున్నాడు. వాడు చదివిన చదువుకు ఇక్కడ పని ఎప్పుడొస్తుందని అడుగుదామని లేచి నిలబడ్డాను. మైకు నా దాకా రాలేదు, అందరూ భోజనాలకు లేచారు.