నవలలు చదవడం టైమ్ వేస్టా?

ఈమధ్య వాట్సాప్‌లో, ముఖ్యంగా పిల్లల తల్లిదండ్రుల గ్రూపుల్లో, ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. కథలూ నవలలూ కల్పితాలు కాబట్టి వాటివల్ల నాలెడ్జి రాదట. పైకొచ్చినవాళ్లెవరూ అవి చదవరట. అంతగా కావాలంటే పదిహేను నిమిషాల సారాంశం వింటే చాలట. అయినా ఈ రోజుల్లో అంత టైమ్ ఎవరికుంది అని ముగింపు. కింద చప్పట్ల బొమ్మలు.

"కల్పితం, నాలెడ్జి రాదు."

విజయనగరం మహారాజు ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకునే పెళ్లిళ్ల, లెక్క తీయించారు. ఆ వివరాలు గురజాడ 1897లో 'కన్యాశుల్కం' నాటకానికి రాసిన ముందుమాటలో ఉన్నాయి. మొత్తం 1,034 పెళ్లిళ్లు. పెళ్లికూతుళ్లలో 99 మందికి ఐదేళ్లు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు. ముగ్గురికి ఏడాది వయసు. ఆ ఏడాది వయసు పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు.

మెసేజ్ అడిగే నాలెడ్జి ఇదే కదా, పక్కా డేటా. మరి ఆ పట్టిక ఎంతమందికి గుర్తుంది? గురజాడ అక్కడితో ఆగకుండా, నవల కాకపోయినా కల్పితమే అయిన ఆ నాటకంలో మనల్ని అగ్నిహోత్రావధాన్ల ఇంట్లోకి తీసుకెళ్లారు. పెద్దకూతురు బుచ్చమ్మ చిన్నవయసులోనే భర్త పోయి పుట్టింట్లో ఉంది. ఆమె కళ్లెదుటే చెల్లెలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకి డబ్బు తీసుకుని ఇస్తానంటాడు తండ్రి. భార్య మొత్తుకున్నా వినడు. ఒక కూతురి బతుకు ఏమైందో రోజూ చూస్తూనే రెండో కూతురికి అదే ఎలా చేయబోతాడు? రాక్షసుడా అంటే కాదు. కోపిష్ఠి, కోర్టు వ్యవహారాల పిచ్చి, నలుగురూ చేసేదే తానూ చేస్తున్నానన్న ధీమా. ఆ 1,034 వెనక ఉన్నది ఇలాంటి తండ్రులే. వాళ్ల బుర్ర ఎలా పనిచేసిందో పట్టికలోని ఏ గడీ చెప్పదు. లెక్కలొద్దని కాదు, లెక్క చేయలేని పని ఇది.

"పైకొచ్చినవాళ్లు చదవరు."

పి.వి. నరసింహారావు విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' నవలను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించారు. చేత్తో పట్టుకుంటే బరువనిపించే పుస్తకం అది. తర్వాత ప్రధానమంత్రి అయ్యారు, 1991 ఆర్థిక సంస్కరణలు ఆయన హయాంలోనివే. 1998లో సొంతంగా ఒక నవలా ప్రచురించారు. ఇంతకన్నా పైకి రావడం ఎలాగో మెసేజ్ రాసినవాళ్లే చెప్పాలి.

"సారాంశం చాలు."

పాఠ్యపుస్తకానికైతే చాలేమో. 'కన్యాశుల్కం'లోనే, వేశ్య మధురవాణి ఇంట్లో మంచం కిందికి మాయమాటల గిరీశం దూరతాడు, అప్పటికే అక్కడ రామప్పంతులు దాక్కుని ఉంటాడు. గిరీశాన్ని వెతుక్కుంటూ పూటకూళ్లమ్మ చీపురుతో వస్తుంది. దెబ్బ పడేది పంతులికి. ఇదిగో, సారాంశం చెప్పేశాను. నవ్వొచ్చిందా? నాటకంలో చదివితే ముందు వాళ్ల బడాయి మాటలన్నీ విని ఉంటాం కాబట్టి ఆ దెబ్బ మనకి హాయిగా ఉంటుంది.

ఇక్కడ మనవైపు వాళ్ల అతిశయోక్తి కూడా ఒకటుంది. సాహిత్యం చదివితే ఎదుటివాళ్ల మనసు తెలుసుకునే శక్తి పెరుగుతుందని 2013లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. పుస్తకప్రియులు దాన్ని ఇప్పటికీ పంచుతుంటారు. తర్వాత వేరే పరిశోధకులు అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి నవల చదివితే మంచివాళ్లైపోతారని నేను వాదించను. గిరీశం నోట ఇంగ్లీషు పద్యాలకి ఏం కొదవ? నవల ఎదుటివాడి లోపల జరిగే లెక్కని దగ్గరనుంచి చూపిస్తుంది, అంతవరకే. చూశాక ఏం చేస్తామన్నది మన ఇష్టం.

"టైమ్ లేదు."

వారపత్రికల్లో సీరియళ్లు చదివి నవలల్ని బతికించినవాళ్లు పనిలేక కూర్చున్నవాళ్లు కాదు. పొయ్యిమీద అన్నం ఉడికేలోపు రెండు పేజీలు చదివిన ఆడవాళ్లు, బస్సులో చదివిన గుమాస్తాలు, లెక్కల పుస్తకం మధ్యలో దాచుకుని చదివిన పిల్లలు. రోజుకి పది పేజీల చొప్పున చదివినా మూడొందల పేజీల నవల నెలరోజుల్లో అయిపోతుంది.