బెలూన్ పాపకూ, ఆమె బంధుమిత్ర సపరివారానికీ

మహారాజశ్రీ కటౌట్ గార్లకు,

ఆర్కిటెక్చర్ అయిదో సంవత్సరం విద్యార్థిని నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా నిద్రలేక క్షేమం. అక్కడ మీరు క్షేమమేనా అని అడగను. మీకు జ్వరం రాదు, చెమట పట్టదు, ఆఖరి బస్సు దాటిపోదు. నాలుగున్నరేళ్ళుగా నా షీట్ల మీద తిరుగుతున్నారు. ఇన్నాళ్ళలో మీలో ఒక్కరు కూడా బాత్రూం ఎటు అని అడిగిన పాపాన పోలేదు.

ఈ ఉత్తరం బయటివాళ్ళు కూడా చదువుతారు కాబట్టి మీ గురించి రెండు ముక్కలు చెప్పాలి. మేం కంప్యూటర్ మీద స్కెచ్‌అప్‌లో బిల్డింగ్ లేపుతాం, లుమియన్‌లో దానికి ఎండ తగిలిస్తాం, ఒక మంచి మూల చూసుకుని వ్యూ తీస్తాం. అందులో మనుషులు లేకపోతే తలుపు ఎత్తు ఏడడుగులో డెబ్బై అడుగులో తెలియదు, పైగా కర్ఫ్యూ పెట్టినట్టు ఉంటుంది. అందుకని ఫొటోషాప్‌లో ఫొటోల్లోంచి కత్తిరించిన మనుషుల్ని, అంటే మిమ్మల్ని తెచ్చి అతికిస్తాం. సీనియర్ పెన్‌డ్రైవ్ నుంచి జూనియర్ పెన్‌డ్రైవ్‌కి వంశపారంపర్యంగా వచ్చే 'పీపుల్' అనే ఫోల్డర్లో మీ కాపురం. బెలూన్ పట్టుకుని పరుగెత్తే పాప, చంటిపిల్లాడి బండి తోసుకుంటూ పోయే నాన్న, మెడకు మఫ్లర్లు చుట్టుకున్న జంట, సైకిలు ఎక్కకుండా జీవితాంతం దాన్ని నడిపించుకుంటూ తిరిగే ఆవిడ, ఆకాశంలోకి వేలు చూపించే పెద్దమనిషి. (పెద్దమనిషిగారూ, ఫస్టియర్ నుంచి అడుగుదామనుకుంటున్నాను. అక్కడేముంది?)

మీలో చాలామంది చలిదేశాల వాళ్ళు. ఫోల్డరంతా వెతికితే చీర కట్టుకున్నావిడ ఒక్కరే కనపడ్డారు. ఎవరి పెళ్ళి ఫొటోలోంచో కత్తిరించినట్టున్నారు, ఆవిడ భుజం మీద ఇంకెవరిదో చెయ్యి అలాగే ఉండిపోయింది. నా మూడు ప్రాజెక్టుల్లో ఆ చెయ్యి ఉంది. మా షీట్లు చూసి మార్కులేసే ఏ జ్యూరీలోనూ ఎవరూ చూడలేదు.

మిమ్మల్ని నేను మొదటిసారి పెద్ద ఎత్తున వాడింది నాలుగో ఏడు అర్బన్ డిజైన్‌లో. సైటు హైదరాబాదులోని అఫ్జల్‌గంజ్. ఒకపక్క మూసీ, ఒకపక్క ఉస్మానియా ఆసుపత్రి, దగ్గర్లోనే సెంట్రల్ లైబ్రరీ, మధ్యలో బస్సులు, ఆటోలు, కూలీలు, పండ్లబండ్లు. ప్రాజెక్టు పేరు 'పబ్లిక్ ప్లాజా, కల్చరల్ సెంటర్'. ప్లాజా అంటే జనం తిరగడానికి రాళ్ళు పరిచి వదిలే ఖాళీ జాగా. సైట్ ఎనాలిసిస్ కోసం మూడుసార్లు వెళ్ళాను. రోడ్డు వెడల్పు కొలిచాను, వాహనాలు లెక్కపెట్టాను, గాలి ఎటు వీస్తుందో బాణాలు గీశాను. ఫుట్‌పాత్ మీద బండ్లన్నిటినీ ఎర్ర గీతల హ్యాచ్ కొట్టి 'ఎన్‌క్రోచ్‌మెంట్', అంటే ఆక్రమణ అని రాశాను. మా స్వాట్ చార్టులో బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అని నాలుగు గళ్ళుంటాయి. నాలుగో గడిలో నేను పెట్టిన చాయ్ బండాయన దగ్గర ఆ రోజే రెండు చాయ్‌లు తాగాను. రెండోదానికి చిల్లర లేకపోతే "రేపియ్యమ్మా" అన్నాడు. ముప్పుకు ఇంకా పది రూపాయలు బాకీ ఉన్నాను.

ఆ ముప్పులన్నీ తీసేశాక సైటు శుభ్రమైంది. గ్రే గ్రానైట్ పరిచాను. మధ్యలో వాటర్ బాడీ. ఒక మూల ఓఏటీ. ఓఏటీ అంటే ఓపెన్ ఎయిర్ థియేటర్. అది లేకుండా మా బ్యాచ్‌లో ఎవరూ ఏ ప్రాజెక్టూ పాసవలేదు. బస్టాండుకు ఓఏటీ, ఆసుపత్రికి ఓఏటీ, ఒకడైతే ఫైర్ స్టేషన్‌కు కూడా పెట్టాడు. అందులో ఎవరు ఎవరికోసం ఏం ఆడతారో అడగకూడదు, మెట్లు అర్ధచంద్రాకారంలో ఉంటే చాలు. ఇక మూసీ. దానికి స్విట్జర్లాండ్ సరస్సు నీలం వేశాను, పైన తెల్ల పక్షుల గుంపును ఎగరేశాను. జేపీఈజీ బొమ్మకు వాసన ఉండదు కదా, అదొక అదృష్టం.

ప్లాజాకు హుందాతనం రావాలని దాన్ని నేల నుంచి నాలుగు మెట్ల ఎత్తు లేపాను. మెట్టుకు 150 మిల్లీమీటర్లు, మొత్తం 600. ఆ ఎత్తుకు చక్రాల కుర్చీ ఎక్కాలంటే 1:12 వాలు చొప్పున 7.2 మీటర్ల ర్యాంపు కావాలి. అది గీస్తే సరిగ్గా నా చెర్రీ బ్లాసమ్ చెట్టుకు తగిలింది. (అవును, అఫ్జల్‌గంజ్‌లో చెర్రీ బ్లాసమ్. ట్రీస్ ఫోల్డర్లో గులాబీ రంగుది అదొక్కటే.) చెట్టు ఉంచి ర్యాంపును వెనక జనరేటర్ రూమ్ పక్కకు తిప్పేశాను. ఆసుపత్రి పక్కన కట్టే ప్లాజాలో చక్రాల కుర్చీ ఎవరికి కావాలి? మీ ఫోల్డర్లో చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు లేనే లేరు.

అదే నేల మీద ఇంకో చెట్టుంది, దాన్ని నేను షీటులో పెట్టలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఇప్పటి ఆసుపత్రి ఆవరణలోని అఫ్జల్ పార్కు చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. నూట యాభై మందిని మోసిన చెట్టు. మా భాషలో చెప్పాలంటే ఆక్యుపెన్సీ లోడ్ 150, ఎమర్జెన్సీ రెఫ్యూజ్ ఏరియా, ఫ్లడ్ రెసిలియెంట్. కానీ దానికి గులాబీ రంగు పూలు లేవు.

గైడ్ సార్ ప్రింటు చూసి, "ప్లేస్ డెడ్‌గా ఉందమ్మా, పీపుల్‌ని యాడ్ చెయ్" అన్నారు. మా కాలేజీలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం అదే. ప్లాజా ఖాళీగా కనపడితే ప్లాజాను కాదు, జనాన్ని మార్చాలి. రాత్రి రెండింటికి మీలో ముప్పై రెండు మందిని దింపాను. పొద్దున పెద్ద షీట్లు ప్రింటు తీసే ప్లాటర్ దగ్గర చూసుకుంటే మీ నీడలు ఒకరివి తూర్పుకు, ఇంకొకరివి పడమరకు. మఫ్లర్ జంటకైతే నీడే లేదు. వాళ్ళను మబ్బు పట్టిన రోజున ఫొటో తీశారు పాపం. మే నెల, మధ్యాహ్నం మూడు, గ్రానైట్ నేల, నీడలేని రెండు ప్రాణాలు ఉన్ని బట్టల్లో నవ్వుతూ నడుస్తున్నాయి. వాళ్ళ గుండె నిబ్బరానికి దండం పెట్టాలి.

జ్యూరీ బాగానే జరిగింది. ఒక ఎక్స్‌టర్నల్ మేడం మాత్రం కళ్ళజోడు పైకి జరిపి, "ఈ అమ్మాయి బెలూన్ ఎక్కడ కొనుక్కుంది?" అని అడిగారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మార్కులు పడ్డాయి.

నిజానికి మీరు చిన్నవాళ్ళు. మీ కులపెద్ద ఒకాయనున్నాడు, మాడ్యులోర్ మనిషి. లె కార్బూజియే అనే ఆర్కిటెక్టు, కొలతలన్నీ ఒక మనిషి ఒంటి నుంచే రావాలని ఆయన్ను తయారుచేశాడు. మొదట ఎత్తు 175 సెంటీమీటర్లు అనుకున్నారు, తర్వాత 183 చేశారు. చెయ్యి పైకెత్తితే 226. ఆయన కొలతలు మన చండీగఢ్ దాకా వచ్చాయి. ఎప్పుడు చూసినా చెయ్యెత్తి నిలబడే ఉంటాడు, బరువు మోయడు, చంకలో పిల్ల ఉండదు. మా అమ్మ ఎత్తు అయిదడుగులు. ఆయన చెయ్యి ఆనే చోట మనవాళ్ళు అటక కడతారు, దాని మీద డబ్బా తీయడానికి అమ్మ స్టూలు ఎక్కుతుంది.

అమ్మంటే గుర్తొచ్చింది. మొన్న దసరా సెలవులకు ఆ షీట్లు ఇంటికి పట్టుకెళ్ళి మంచం మీద పరిచాను, మెచ్చుకుంటుందని. చాలాసేపు చూసింది.

"మంచిగనే ఉంది బిడ్డా. గీళ్ళంతా ఏ ఊరోళ్ళు?"

"పబ్లిక్ అమ్మా."

"గట్లనా. మరి నీళ్ళు యాడ తాగుతరు?"

"వాటర్ బాడీ ఉంది కదమ్మా, ఇదిగో."

"గవి తాగే నీళ్ళా?"

"కాదు. చూసే నీళ్ళు."

అమ్మ ఇంకేం అనలేదు. షీటు అంచు మీద పడ్డ కుంకుమ తుడిచి లోపలికి వెళ్ళిపోయింది. నానమ్మకు బాగోలేనప్పుడు పట్నంలో ఒక ఆసుపత్రి బయట అమ్మ తొమ్మిది రోజులు ఉంది. లోపల ఒక్కరినే ఉండనిచ్చేవాళ్ళు. పగలంతా ప్రహరీ పక్కన వేపచెట్టు కింద, టిఫిన్ బాక్సు తలకింద పెట్టుకుని. నీళ్ళు పట్టుకునే ట్యాప్ ఎంత దూరం, గడియ పడే బాత్రూం ఏది, ఫోన్ చార్జింగ్ పెట్టనిచ్చే జిరాక్స్ షాపు ఏది, ఏ గంటకు నీడ ఏ పక్కకు జరుగుతుంది, అన్నీ ఇప్పటికీ చెప్పగలదు. నేను మూడుసార్లు వెళ్ళి, డ్రోన్ వ్యూ కూడా సంపాదించి చేసిన సైట్ ఎనాలిసిస్‌లో ఇవేవీ లేవు. గాలి బాణాలు మాత్రం చాలా అందంగా వచ్చాయి.

మీరు నొచ్చుకోవద్దు, తప్పు మీదొక్కరిదే కాదు. న్యూయార్క్‌లో 1961లో ఒక రూలు పెట్టారు. బిల్డరు తన బిల్డింగ్ ముందు ఒక చదరపు అడుగు ప్లాజాకు వదిలితే, కొన్ని ప్రాంతాల్లో పది చదరపు అడుగుల దాకా అదనంగా కట్టుకోవచ్చు. అంటే మన దగ్గర బిల్డింగ్ చుట్టూ ఖాళీగా సెట్‌బ్యాక్ వదిలినట్టే, కాకపోతే వదిలినందుకు ప్రతిఫలం ఉంది. ప్లాజాలు బోలెడు పుట్టాయి. వాటిలో చాలా వాటికి జనం రాలేదు. విలియం వైట్ అనే ఆయన 1970ల్లో కెమెరాలు పెట్టి, ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో గంటలు గంటలు చిత్రీకరించాడు. అంత శ్రమపడి ఆయన తేల్చిన వాటిలో ముఖ్యమైనది, కూర్చునే చోటుంటే జనం కూర్చుంటారని. ఇంకోటి, తినుబండారాల బండి ఉన్నచోటికి జనం చేరతారని. మా పల్లీల బండాయన్ను అడిగితే ఒక పొట్లం ఖర్చుతో చెప్పేవాడు.

మన దేశంలో 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దాని ప్రకారం వీధి అమ్మకాల సంగతి చూసే పట్టణ వెండింగ్ కమిటీలో వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు. మా జ్యూరీలో అయిదుగురు ఉంటారు, అయిదుగురూ ఆర్కిటెక్టులే. నలభై శాతం లెక్కన ఇద్దరు బండివాళ్ళను కూర్చోబెడితే నా షీటుకు ఏమయ్యేదో ఊహించుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది. అప్పుడైతే టెన్షన్‌తో చచ్చేదాన్ని.

మీకింకో సంగతి చెప్పాలి. మీరు షీట్ల మీద ఉన్నంతకాలం నాకు పేచీ లేదు. కానీ షీట్లు పాసై, గీసినవాళ్ళు ఆఫీసుల్లో చేరి, మీకోసం గీసినవి నిజంగా కట్టేస్తున్నారు. మా హాస్టల్ దగ్గర్లో ఒక గాజు బిల్డింగ్ ముందు అచ్చం నా ప్లాజా లాంటిదే ఉంది. అదే గ్రే గ్రానైట్, అవే నాలుగు మెట్లు. పూల తొట్టి అంచు కూర్చోవడానికి సరిగ్గా సరిపోయే ఎత్తులో వచ్చింది, పొరపాటున. తర్వాత ఎవరో గమనించి దాని మీద ఇనుప కడ్డీలు వేయించారు. డెలివరీ కుర్రాళ్ళు ఎండలో బైకుల మీదే కూర్చుంటారు. ప్లాజా నున్నగా, ఖాళీగా, రెండర్‌లో, అంటే మా కంప్యూటర్ బొమ్మలో లాగే మెరుస్తూ ఉంటుంది. రోజూ అటుగా వెళ్తూ మీకోసం చూస్తాను. మఫ్లర్ వేసుకున్నవాళ్ళు గానీ, సైకిలు నడిపించుకునే ఆవిడ గానీ ఒక్కరూ రాలేదు. మీకోసం అంత ఖర్చుపెట్టి కడితే రాకపోవడం మర్యాద కాదు.

వచ్చే గురువారం నా థీసిస్ సబ్మిషన్. మళ్ళీ అఫ్జల్‌గంజే తీసుకున్నాను. గైడ్ సార్ "రిపిటీషన్ కదా" అన్నారు, అయినా ఒప్పుకున్నారు. ఈసారి ప్లాజాను నేల మట్టానికి దించాను, ర్యాంపు గొడవే లేదు. రోగులతో వచ్చినవాళ్ళు పడుకోవడానికి లోతైన అరుగులు, అరుగుకో ప్లగ్ పాయింటు, తాగే నీళ్ళు. ఓఏటీ తీసేశాను (మార్కులు ఎలా వస్తాయో చూడాలి). మొన్న ఆదివారం ఫోన్ పట్టుకుని వెళ్ళి, అడిగి ఒప్పించి మనుషుల ఫొటోలు తీశాను. బస్తా మీద కూర్చున్న హమాలీ, స్కానింగ్ కవరు చంకలో పెట్టుకుని అరటిపండు ఒలుస్తున్న ముసలాయన, గొడుగు కింద మల్లెపూల ఆమె. పూలామెను చుట్టూ కత్తిరించడానికి రెండున్నర గంటలు పట్టింది, మల్లెమొగ్గల అంచులు అంత తేలిగ్గా తెగవు. చాయ్ బండాయన పది రూపాయలు తీసుకోలేదు. ఆయన్ను అరుగు పక్కనే పెట్టాను. స్వాట్ చార్టులో గడి మార్చాను.

కాబట్టి మీ లేయర్ ఆఫ్ చేస్తున్నాను. పీపుల్ ఫోల్డర్ను జూనియర్లకు ఇచ్చేస్తాను, మీకు అన్నం పెట్టేవాళ్ళకు కొదవలేదు, దిగులుపడకండి. చీర ఆవిడ భుజం మీద చెయ్యిని మాత్రం తీసేసి ఇస్తున్నాను.

బెలూన్ పాపా, నిన్ను ఉంచాను. నీ పక్కన గుత్తులు గుత్తులుగా బెలూన్లు కట్టిన కర్ర పట్టుకుని ఒక అన్న నిలబడ్డాడు చూడు, అఫ్జల్‌గంజ్ బస్టాండు దగ్గర దొరికాడు. ఒకటి ఇరవై రూపాయలట. నాలుగున్నరేళ్ళ బాకీ, ఇచ్చెయ్.

ఇట్లు,
పీపుల్ ఫోల్డర్ ప్రస్తుత వారసురాలు

తా.క. ఆకాశంలోకి వేలు చూపించే పెద్దమనిషిగారిని కూడా తీసేయలేదు. వేలు సరిగ్గా ఆనే చోట ఒక బోర్డు వేలాడదీశాను. 'మరుగుదొడ్లు, ఎడమవైపు' అని.