డీలక్స్ అని రాసుంటే జాగ్రత్త

1985లో ‘సూపర్ మారియో బ్రదర్స్’ అనే వీడియో గేమ్ వచ్చినప్పుడు, అందులో దూకుతూ పరిగెత్తే మారియోకి నిండుగా ఆకాశం ఉండేది. తల మీద మబ్బులు, కాళ్ల కింద ఇటుకలు, ముందున్న గొయ్యి, అన్నీ టీవీలో ఒకేసారి కనిపించేవి. 1999లో అదే ఆటను చేతిలో పట్టే గేమ్ బాయ్ కలర్‌లోకి దించారు. తెర చిన్నది కాబట్టి పైనా పక్కనా కోసేశారు, కోసేశాక ‘సూపర్ మారియో బ్రదర్స్ డీలక్స్’ అని పేరు పెట్టారు. తగ్గించి డీలక్స్ అన్నారు, గమనించారా? బెంగళూరు మారతహళ్లి పీజీ హాస్టళ్లలో ఆరేళ్లుగా బతుకుతున్నవాణ్ణి, నాకైతే ఆ పేరు చూడగానే సొంత మనుషులు కనిపించినట్టు అయింది.

మన ఊరి ఆర్టీసీలో డీలక్స్ అంటే ఎక్స్‌ప్రెస్ కంటే ఒక మెట్టు పైన. బెంగళూరులో డీలక్స్ అంటే హాలు మధ్యలో ప్లైవుడ్ కొట్టి, అటు ఇద్దరినీ ఇటు ముగ్గురినీ పడేసి, తలుపు మీద స్టిక్కర్ అంటించడం. మా గదిలో కిటికీ కూడా సగమే. మిగతా సగం ప్లైవుడ్‌కి అవతల ఉన్న అనంతపురం వాళ్లది, వాళ్లు తెరిస్తేనే మాకు గాలి.

లెక్క చెప్తాను, కోపం తెచ్చుకోకండి. పాత ఆటలో తెర అడ్డం 256 చుక్కలు (పిక్సెళ్లు), నిలువు 240. చేతి ఆటలో 160, 144. హెచ్చవేసి చూస్తే పాత బొమ్మలో వందకు 37న్నర వంతులే మిగిలింది. పోనీ మారియోనైనా చిన్నవాణ్ణి చేశారా అంటే, అదీ లేదు. అదే 16 చుక్కల పొట్టి మనిషి, అవే 32 లెవెళ్లు, అవే గోతులు. లోకాన్ని ఎక్కడా తగ్గించలేదు, కిటికీని మాత్రమే తగ్గించారు. అద్దె కూడా అంతే కదా, గది తగ్గిందని ఎవరైనా తగ్గించారా?

ఈ ఆటను ఎస్పీ రోడ్డులో పాత సామాన్ల మధ్య చూసి, బేరమాడి 3,500కి తెచ్చాను. మా రూమ్మేట్ తిరుపతి తమ్ముడు ఒకసారి చూసి, “అన్నా, ఆకాశం ఏదన్నా?” అన్నాడు. ఆకాశానికి అడ్వాన్స్ విడిగా కట్టాలి తమ్ముడూ అన్నాను. వాడు నవ్వలేదు. వాడు పాత ఆటను ల్యాప్‌టాప్‌లో ఆడతాడు, మొత్తం కనిపిస్తుంది, అందుకే వాడికి అహంకారం. ఎక్కడ దూకాలో ముందే తెలిసి దూకడం కూడా ఒక దూకడమేనా!

మా వాడికి అర్థం కానిదేమిటంటే, ఈ ఆటలో పైబటన్ నొక్కితే తెర కాస్త పైకి జరుగుతుంది, కిందిది నొక్కితే కిందకి. అంటే కనిపించని గొయ్యి ఉందో లేదో ఆగి, తొంగి చూసి, అప్పుడు దూకాలి. కోటలో రాక్షసుడు ఊదే నిప్పు కూడా మీదికొచ్చేదాకా కనిపించదు. వానాకాలంలో ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి నడిపినవాడికి ఇది కొత్త విద్య కాదు, అక్కడ నొక్కడానికి బటన్ లేదంతే.

మారియో వెతికే రాకుమారి సంగతి చూడండి. మొదటి ఏడు కోటల్లోనూ పుట్టగొడుగు టోపీ మనిషి ఒకడు నిలబడి, థ్యాంక్స్, కానీ రాకుమారి వేరే కోటలో ఉంది అంటాడు. పోయిన నెల మా బ్రోకర్ అచ్చంగా ఇదే స్వరంతో, “సర్, ఆ టూ బీహెచ్‌కే నిన్న సాయంత్రమే అయిపోయింది, పక్క లేఅవుట్‌లో ఇంకోటుంది” అన్నాడు, ఐదోసారి. మారియో మాత్రం ఒక్క కోటకీ పది నెలల అడ్వాన్స్ కట్టలేదు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద నెల అద్దె కోయించుకోలేదు. అందుకే ఎనిమిదో కోటలో దొరికింది.

ఇక 3 లక్షల పాయింట్లు తెచ్చుకుంటే ఒక బహుమతి ఉంది. 1986లో జపాన్‌లో వచ్చిన రెండో భాగం తెరుచుకుంటుంది. అప్పట్లో మరీ కష్టంగా ఉందని అమెరికాకి పంపకుండా ఆపేసిన ఆట అది. అందులో పుట్టగొడుగు కూడా విషపుది ఉంటుంది, ఆశగా పరిగెత్తి తింటే ప్రాణం మీదికొస్తుంది. కష్టపడ్డావు కాబట్టి ఇదిగో ఇంకా పెద్ద కష్టం అనడాన్ని మా ఆఫీసులో ప్రమోషన్ అంటారు, ఏప్రిల్‌లో నాకూ ఇచ్చారు.

జాతకం చెప్పే భాగం కూడా పెట్టారండోయ్. చిలక జోస్యంలాగే ముక్క తీస్తే మన అదృష్టం చెప్తుంది. క్యాలెండరు కూడా ఉంది. రాహుకాలం ఒక్కటి వేసుంటే మా అమ్మ కూడా ఒకటి కొనేది.

ఒక లోపం ఒప్పుకుంటాను. తెర వెనక లైటు లేదు. వీధి దీపం కింద చదువుకుని పైకొచ్చిన పెద్దల గురించి స్కూల్లో విన్నాం, నేను బాత్రూమ్ బయట ట్యూబ్‌లైటు కింద కూర్చుని ఆడతాను, వచ్చేపోయేవాళ్లు బకెట్‌తో దాటుకుంటూ వెళ్తారు. రెండు పెన్సిల్ సెల్స్ కావాలి. ఒకటి గదిలో గోడ గడియారంలోంచి తీశాను, రెండోది మౌస్‌లోంచి. గడియారం ఎనిమిదీ పదికి ఆగిపోయింది. దాన్ని నమ్ముకుని తిరుపతి తమ్ముడు మొన్న క్యాబ్ మిస్సయ్యాడు, గంట సేపు తిట్టాడు, తిట్టి తిట్టి చివరికి “ఏదీ ఇటివ్వు, ఏముందో చూద్దాం” అన్నాడు.

మొదటి గోతిలోనే పడ్డాడు. కింది బటన్ నొక్కి చూడరా అంటే వినడు. ఇప్పటికి నాలుగు రోజులు, సెల్స్ అయిపోతే కొత్తవి కూడా వాడే తెస్తున్నాడు. గడియారంలో వేయడానికి మాత్రం ఇద్దరికీ గుర్తు రావడం లేదు.