నాలుగో భాగం: 62 శాతం పూర్తి

తన నవలలు తనే ప్రచురించుకునే రచయిత గురించి లోకంలో ఒక అపోహ ఉంది, ఆయన నవలలు రాస్తాడని. రాయడని కాదు, రాస్తాడు. కానీ ఆయన ప్రధానంగా తయారుచేసేది ప్రగతిని. ఆ హడావుడిలో అప్పుడప్పుడూ నవల కూడా బయటికొస్తుంటుంది. "రెండో భాగం ప్రూఫులు అయిపోయాయి, మూడో భాగం ముఖచిత్రం ఖరారైంది, నాలుగో భాగం 62 శాతం పూర్తి" అంటూ నెలనెలా ఆయన విడుదల చేసే ప్రకటనల ముందు ప్రభుత్వ శాఖల నివేదికలు దిగదుడుపే. ఈ ప్రకటనలకు సాహిత్యంలో దక్కాల్సిన గౌరవం దక్కలేదన్నది నా ఆవేదన. విమర్శకులంతా పూర్తయిన పుస్తకాల వెంటే పడతారు. పూర్తి కావస్తున్న పుస్తకాన్ని పట్టించుకునే నాథుడే లేడు.

ఆ 62నే తీసుకోండి. శాతం కట్టాలంటే మొత్తం ఎంతో ముందు తెలియాలి. రాయని పుస్తకం ఎంతవుతుందో రాసేవాడికే తెలియదు. అంటే, పైనున్న అంకె లెక్క, కిందున్న అంకె నమ్మకం. లక్ష మాటల నవల అనుకుని 62 వేలు రాశాడు. అప్పుడు ప్రతినాయకుడికి ఒక చెల్లెలుంటే బాగుంటుందనిపించింది. చెల్లెలు వచ్చాక ఊరుకుంటుందా? ఆమెకో గతం కావాలి, ఆ గతానికో రహస్యం, ఆ రహస్యం తెలిసిన ఒక ముసలి నౌకరు. నవల లక్షా ముప్పై వేలకు సాగింది. నెలంతా కూర్చుని ఇంకో మూడు వేల మాటలు రాశాక లెక్క చూసుకుంటే సరిగ్గా 50 శాతం. ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా పన్నెండు మెట్లు కిందికి దిగాడన్నమాట. ఆ నెల ప్రకటనలో శాతం ఉండదు. "కథకు లోతు పెరిగింది" అని ఉంటుంది. నేను ఆయన ప్రకటనలన్నీ వరసగా చదివాను కాబట్టి చెబుతున్నాను, ఆ కథకు లోతు పెరగని నెల లేదు.

ఇంత కష్టం దేనికంటే, స్వేచ్ఛ కోసం. వెనకటికి రాతప్రతి పట్టుకుని ప్రచురణకర్తల గుమ్మాలెక్కాల్సి వచ్చేది. 2007 నవంబరులో అమెజాన్ ఈ-పుస్తకాలు చదివే కిండిల్ అనే పరికరాన్ని తెచ్చింది. దాంతోపాటే ఎవరి పుస్తకం వాళ్లే అమ్మకానికి పెట్టుకునే ఏర్పాటూ వచ్చింది. ఇక అడిగేవాడు లేడు, ఆపేవాడు లేడు. ఫలితంగా ఇప్పుడు ప్రచురణ సంస్థలోని కుర్చీలన్నింటిలోనూ రచయితే కూర్చోవాల్సి వచ్చింది. ప్రచురణకర్త హోదాలో గడువు విధిస్తాడు. రచయిత హోదాలో పొడిగింపు కోరతాడు. ప్రచురణకర్త హోదాలో, పరిస్థితులను సానుభూతితో పరిశీలించి, మంజూరు చేస్తాడు. ఎడిటర్ హోదాలో పద్నాలుగో అధ్యాయం దండగని తేలుస్తాడు. రచయిత హోదాలో అలిగి రెండు రోజులు ఎడిటర్‌తో మాట్లాడడు. చివరికి ఆ అధ్యాయాన్ని తీసేయరు, "బోనస్ కథ"గా చివర్లో పెడతారు. ప్రచార విభాగం దాన్ని ఉచిత కానుకగా ప్రకటిస్తుంది. అకౌంట్స్ విభాగం మాత్రం ఏమీ మాట్లాడదు. ఆ విభాగాన్ని ఎవరూ సమావేశాలకు పిలవరు.

సమీక్షల విభాగం ఒక్కటే ఖాళీగా ఉంది. అది అన్యాయం. అమెరికా కవి వాల్ట్ విట్మన్ 1855లో తన కవితా సంపుటిని తనే అచ్చు వేయించుకుని, దాని మీద పేరు పెట్టకుండా తనే సమీక్షలు రాసుకున్నాడు. బాగుందనే రాసుకున్నాడు. ఇప్పుడు అమెజాన్‌లో రచయితే కాదు, ఆయన కుటుంబసభ్యులు, దగ్గరి స్నేహితులు కూడా సమీక్ష పెట్టకూడదన్నారు. ఇంతకీ మొదటి భాగాన్ని చదివినవాళ్లు ఎవరు? వాళ్లే కదా! పాఠకుల్లో సింహభాగానికి ఒక్క నిబంధనతో నోరు నొక్కేశారు.

అసలు ఒక్క నవల రాసుకుని ఊరుకోవచ్చు కదా, ఏడు భాగాలెందుకని కొందరు అమాయకంగా అడుగుతారు. దీనికి కారణం కళ కాదు, గణితం. ఈ-పుస్తకం ధర 2.99 డాలర్లకూ 9.99 డాలర్లకూ మధ్య ఉంటే అమెజాన్ 70 శాతం రాయల్టీ ఇస్తుంది. అంతకు తగ్గితే 35 శాతమే. కొత్త రచయితను 99 సెంట్లకైతేనే ఎవరైనా ముట్టుకుంటారని అందరూ సలహా ఇస్తారు. అంటే కాపీకి సుమారు 35 సెంట్లు. ఒక మనిషిని ఆ పుస్తకం పేజీ దాకా లాక్కురావడానికి ప్రకటనల మీద అంతకంటే ఎక్కువే పోతుంది. కాబట్టి మొదటి భాగం నష్టానికే పుడుతుంది. చాలామంది ఇంకో అడుగు ముందుకేసి దాన్ని ఉచితంగానే ఇచ్చేస్తారు. ఆ నష్టాన్ని రెండో భాగం పూడ్చాలి. లాభం మూడో భాగంలో కనిపించాలి. మొదటిది చదివినవాళ్లలో ఎంతమంది రెండోదానికి వెళ్లారన్నది ఈ రచయితల భాషలో రీడ్-త్రూ. ఈ వృత్తిలో కథానాయిక కంటే ముఖ్యమైన పాత్ర అదే. ప్రతి భాగం చివరా ఎవరో ఒకరు కొండ అంచున వేలాడుతూ ఉండటానికి కారణం కథా శిల్పం అనుకున్నాను నేను. కాదు, అద్దె.

ఇక్కడే ఒక చిక్కుంది. పాఠకులు కూడా తెలివిమీరారు. ఎన్నో సిరీస్‌లు మధ్యలో ఆగిపోవడం చూసినవాళ్లు. "అన్ని భాగాలూ వచ్చాక ఒకేసారి మొదలుపెడతాం" అంటారు. రచయితేమో "మొదటి రెండూ అమ్ముడైతే మిగతావి రాస్తాను" అంటాడు. ఆయన పూర్తిచేస్తే వీళ్లు చదువుతారు, వీళ్లు చదివితే ఆయన పూర్తిచేస్తాడు. పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు. ఈ ప్రతిష్టంభన నుంచి పుట్టినదే నెలవారీ ప్రకటన. "నేను ఆగిపోలేదు" అని పాఠకుడికి హామీ ఇవ్వడమే దాని పని. పాఠకుడు ఆ హామీని ఇష్టపడి, అభినందించి, మళ్లీ ఆగుతాడు. ఈమధ్య కొందరు అభిమానులు నవలలేవీ ముట్టకుండా ప్రకటనలు మాత్రమే అనుసరిస్తున్నారని గమనించాను. వాళ్లకు ఉత్కంఠ ఏ మాత్రం తక్కువ కాలేదు.

ఎదురుగా ఒక ఆదర్శం కూడా ఉంది. 2022లో అమెరికా ఫాంటసీ నవలాకారుడు బ్రాండన్ శాండర్సన్ నాలుగు నవలలు సొంతంగా ప్రచురిస్తానని, జనం దగ్గర ముందే డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ వెబ్‌సైటులో పెడితే 4 కోట్ల 17 లక్షల డాలర్లు వచ్చాయి. మనవాడు ఆ అంకెను తారీఖుతో సహా చెప్పగలడు. ఆ నాలుగు నవలలూ ఎవరికీ చెప్పకుండా ముందే రాసిపెట్టాడన్న వివరం మాత్రం ఆయనకు పెద్దగా ఆసక్తి కలిగించలేదు. శాండర్సన్ వెబ్‌సైటులో ఏ పుస్తకం ఎంత శాతం అయిందో చూపే గీతలుంటాయి. మనవాడు ఆ గీతలను శ్రద్ధగా నేర్చుకున్నాడు, అదే రంగుతో.

అచ్చు ప్రతి సంగతి చెప్పకపోతే ఈ పరిశీలన అసంపూర్ణం. పుస్తకం వెన్ను వెడల్పు పేజీల సంఖ్యను బట్టి మారుతుంది. అమెజాన్ అచ్చు లెక్కలో క్రీమ్ కాగితం పేజీకి 0.0025 అంగుళం. 400 పేజీలైతే సరిగ్గా ఒక అంగుళం. మొదటి భాగం 400 పేజీలకు తేలగానే ఆయన ఎంత సంబరపడ్డాడో చెప్పలేను. ముఖచిత్రం తయారైంది. అప్పుడు పన్నెండో అధ్యాయం చివర "అవును." అనే ఒక్క మాట ఒంటరిగా కొత్త పేజీలోకి జారిపడి ఉండటం కంటబడింది. ఆ మాటను పైకి లాగడానికి అక్షరాల సైజు కాస్త తగ్గించాడు. పేజీలు 388 అయ్యాయి, వెన్ను 0.97కు దిగింది, ముఖచిత్రం మళ్లీ గీయించాల్సి వచ్చింది. ప్రూఫ్ కాపీ వచ్చింది. అట్ట మీద అడ్డంగా బూడిద రంగు పట్టీలో "మళ్లీ అమ్మకానికి కాదు" అని ఉంది. అమ్మకాల గురించి ఈ పుస్తకానికి ఇప్పటిదాకా అందిన అత్యంత నిక్కచ్చి అంచనా అదే. ఆయన మాత్రం పట్టీని చూడలేదు. స్కేలు తెచ్చి వెన్ను మీది పేరు ఎడమవైపుకి ఎంత జరిగిందో కొలుస్తున్నాడు. రేపు ఏడు భాగాలూ అల్మారాలో పక్కపక్కన నిలబడితే పేర్లన్నీ ఒకే వరసలో ఉండాలి కదా. ఆలూ లేదు చూలూ లేదు అంటారేమో, అనండి. ఏడో భాగానికి పేరు కూడా పెట్టేశాడు.

రాత్రిళ్లు ఆయన చదివేది అమెజాన్ లెక్కలు చూపే డ్యాష్‌బోర్డు. చందా కట్టి పుస్తకాలు చదువుకునే కిండిల్ అన్‌లిమిటెడ్‌ పథకంలో 2015 జులై నుంచి పాఠకుడు చదివిన పేజీల లెక్కన డబ్బిస్తున్నారు. ఒక రాత్రి అక్కడ 43 అని కనిపించింది. 43 పేజీలు! ఒకే మనిషి 43 పేజీలు చదివి ఆపేశాడా, 43 మంది తలా ఒక పేజీ చదివి పారిపోయారా అన్నది డ్యాష్‌బోర్డు చెప్పదు. మొదటిదైతే 43వ పేజీలో ఏదో తప్పుండాలి. రెండోదైతే మొదటి పేజీలోనే ఉండాలి. ఆయన రెండు పేజీలూ తిరగరాశాడు. మర్నాడు సున్నా. నాలుగో భాగం ఆ వారమంతా అక్కడే ఆగింది, కానీ దాన్ని ఆగడం అనరు, "మొదటి భాగం సవరించిన కూర్పు" అంటారు. అది ఇంకో ప్రకటన.

ఇంతలో నిజమైన పాఠకురాలు ఒకామె దొరికింది. చుట్టం కాదు, స్నేహితురాలు కాదు. వచ్చిన మూడు భాగాలూ వరసగా చదివి ఈమెయిల్ పంపింది. పొగడ్త ఒక వాక్యం, మిగతాదంతా సందేహాలు. కథానాయిక కళ్లు రెండో భాగంలో రంగు మారాయి, సరే. కోట మెట్లు తూర్పు నుంచి పడమటికి వెళ్లిపోయాయి, సరే. కానీ మొదటి భాగం తొమ్మిదో అధ్యాయంలో నదిలో మునిగి చనిపోయిన కథానాయకుడి అన్న, మూడో భాగంలో సైన్యానికి భోజనాల ఏర్పాట్లు ఎలా చూస్తున్నాడండీ, అని అడిగింది.

ఆయన గుండె ఒక్క క్షణం ఆగి ఉంటుంది. అయినా వెంటనే జవాబు రాశాడు: "చాలా నిశితంగా చదివారు. ఆ రహస్యం ఐదో భాగంలో బయటపడుతుంది."

అప్పటిదాకా ఐదో భాగంలో ఏముంటుందో ఆయనకూ తెలియదు. పుస్తకం విడుదల కాకముందే కొనిపించే ప్రీ-ఆర్డర్ ఏడాది ముందు నుంచే పెట్టుకోవచ్చు కాబట్టి ఆ రాత్రే పెట్టేశాడు. పొద్దున ప్రకటన వచ్చింది. ఐదో భాగం, 4 శాతం.