‘ఏ కంప్యూటర్ కొనమంటారు?’ అనే ప్రశ్న గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఏ కంప్యూటర్ కొనమంటారు?’ గారి సముఖానికి,

చిక్కడపల్లి నుంచి ఒక పాత డీటీపీ (కంప్యూటర్ మీద అచ్చుపేజీలు కూర్చే) మనిషి నమస్కరించి వ్రాసుకొనునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం ప్రత్యేకంగా అడగనవసరం లేదు; పెళ్లిళ్లలో, బారసాలల్లో, సిటీ బస్సులో పక్కసీటు మనిషి నోట, నిత్యకల్యాణం పచ్చతోరణంగా మీరు దర్శనమిస్తూనే ఉన్నారు. మొన్న మా పెదనాన్న పెద్దకర్మ నాడు విస్తట్లో గారె పడిందో లేదో, మా బావమరిది నోట మీరు వెలువడ్డారు. పోయిన పెద్దాయనను తలుచుకుని రెండు మాటలు చెప్పుకోవలసిన చోట నేను ర్యామ్ గురించి ముప్పావుగంట మాట్లాడాను. చారు చల్లారిపోయింది. అందుకే ఈసారి లిఖితపూర్వకంగా విన్నవించుకుంటున్నాను.

మీరు సలహా కోసం వచ్చినట్టే కనిపిస్తారు గానీ, నిజానికి ముహూర్తం పెట్టేసుకుని, శుభలేఖలు అచ్చు వేయించుకుని, ఆ తరువాత జాతకాలు చూపించడానికి వచ్చే పెళ్లిపెద్దల వంటివారు. విండోస్, మాక్, లైనక్స్ అని కంప్యూటర్‌ను నడిపే వ్యవస్థల్లో మూడు సంబంధాలు చెబుతారు. అందులో మూడోది మర్యాదకు మాత్రమే, శుభలేఖ అడుగున దూరపు చుట్టాల పేర్లు వేసినట్టు.

విండోస్ మీద మా బావమరిదికి ఉన్న గౌరవం సాంకేతికమైనది కాదు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల 2014 నుంచి నడుపుతున్న మైక్రోసాఫ్ట్ కంపెనీది కాబట్టి అది మనవాళ్ల సరుకని అతని సిద్ధాంతం. ఆ లెక్కన మాక్ తయారుచేసే ఆపిల్ వారికీ గచ్చిబౌలి వైపే కార్యాలయం ఉంది కదా అంటే, ‘వాళ్లు ఇక్కడ ఉంటున్నారు, అంతే’ అన్నాడు. అసలు సుగుణం వేరే ఉంది. విండోస్ స్టీలు గిన్నె వంటిది, ఏ వంటింట్లోనైనా ఒదుగుతుంది. చవక యంత్రంలోనూ, లక్షల యంత్రంలోనూ అదే ఉంటుంది. ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాసే గుమాస్తాకూ, రాత్రి రెండింటి దాకా ఆటలాడే కుర్రవాడికీ, ఎప్పుడో కొన్న ప్రింటరుకూ అదే దిక్కు. చెడితే బాగుచేసే మనిషి ప్రతి వీధిలోనూ దొరుకుతాడు. నా డెస్క్‌టాప్ నీరసించినప్పుడు పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు మోసుకుపోతే, ఒక కుర్రవాడు నాలుగు మరలు విప్పి, మూత తీసి, బుగ్గలు పూరించి ఉఫ్‌మని దుమ్ము ఊది, పాత హార్డ్‌డిస్క్ స్థానంలో దానికంటే చురుకైన ఎస్ఎస్‌డీ బిగించి, ఇంకో ఎనిమిది జీబీ ర్యామ్ గుచ్చి, నా చేతిలో టీ చల్లారకముందే అప్పగించాడు. ఇంత చనువు ఇచ్చే వ్యవస్థ మీద నాకు ప్రేమ ఉండటంలో వింతేమీ లేదు.

అయితే చనువుకూ ఒక వయోపరిమితి ఉంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది; విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటూ, ఆమోదించిన జాబితాలోని ప్రాసెసరూ ఉండాలి. శుభ్రంగా పనిచేస్తున్న పాత యంత్రాలు ఎన్నో ఆ గడప దగ్గరే ఆగిపోయాయి. గుండె మార్చి, ఊపిరితిత్తులు దులిపి నిలబెట్టిన వరుణ్ణి గోత్రం కుదరలేదని పీటల మీంచి లేపడం లాంటిదిది.

ఇక మాక్. దీని దగ్గరికి వచ్చేసరికి నా కలం కొంచెం తడబడుతుంది, ఎందుకంటే అసూయ ఉన్నచోట న్యాయం చెప్పడం కష్టం. 2020 నవంబరులో ఆపిల్ వారి సొంత ఎం1 చిప్పు వచ్చిన తరువాత మాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే లేదు. మా మేనకోడలు పొద్దున గచ్చిబౌలిలో ఆఫీసుకు తీసుకెళ్లిన యంత్రాన్ని రాత్రి ఇంటికి తెచ్చేదాకా చార్జరు పెట్టదు. ఎంత పని చెప్పినా అది కిక్కురుమనదు. నా డెస్క్‌టాప్ మాత్రం నాలుగు పేజీల పీడీఎఫ్ చేయమంటే పిండిమర లాగా మొదలుపెడుతుంది. ఇంత సుఖానికి వెల కూడా ఉంది మరి: 2025 మార్చిలో వచ్చిన ఎం4 మాక్‌బుక్ ఎయిర్ ధర మన దేశంలో 99,900 రూపాయల దగ్గర మొదలైంది. ఆ పెట్టె మూత విప్పి ర్యామ్ గుచ్చుదామంటే గుచ్చడానికి చోటు లేదు. కొన్ననాడు నుదుట ఎంత రాసి ఉందో కడదాకా అంతే. విండోస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన హార్డ్‌డిస్కును గుచ్చితే అందులో ఉన్నదంతా చదువుతుంది గానీ, వేరే ఏర్పాటు చేస్తే తప్ప ఒక్క అక్షరం రాయదు. పక్కింటివాళ్ల పేపరు తెప్పించుకుని చదివి, తన పేపరు మాత్రం ఎవరికీ ఇవ్వని పెద్దమనుషులు నాకు తెలుసు.

తెలుగువాడిగా నాకు మరపురాని సంగతి ఇంకొకటి ఉంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లూ, మాక్‌లూ ఒక తెలుగు అక్షరాన్ని చూసి కుప్పకూలాయి. ‘జ్ఞ’కూ దాని దీర్ఘానికీ నడుమ కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు పడితే చాలు, తెరిచిన యాప్ మూతపడిపోయేది. కొద్దిరోజుల్లోనే సవరణ వచ్చిందనుకోండి. ఐనా, ప్రపంచంలోని ఇన్ని అక్షరాల్లో ఏరికోరి జ్ఞానంలోని ‘జ్ఞా’ దగ్గరే మూర్ఛ రావడాన్ని నేను కేవలం సాంకేతిక లోపంగా చూడలేకపోతున్నాను.

ఇక నా అక్షరాల గొడవ విన్నవించాలి. అచ్చుపేజీలు కూర్చే ఆల్డస్ వారి పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ 1985లో పుట్టిందే మాకింటాష్ (అదే మాక్) కోసం. ఆ పేజ్‌మేకర్‌ను మేము చిక్కడపల్లిలో విండోస్ మీద పెట్టుకుని, ‘ఆపిల్ కీబోర్డు’ అని పిలిచే తెలుగు అమరికలో టైపు చేస్తూ, శుభలేఖల నుంచి శ్రాద్ధపత్రికల దాకా వేశాము. మాలో ఆపిల్ యంత్రాన్ని కళ్లతో చూసినవాళ్లు ఒకరో ఇద్దరో. మేము వాడిన ఫాంట్లు, ప్రతి అక్షరానికీ అన్ని యంత్రాల్లోనూ ఒకే సంకేతం ఉండే యూనికోడ్ పద్ధతివి కావు. నిరుడు మా మేనకోడలు తన తల్లి పెళ్లి శుభలేఖ కావాలంటే, నా పాత ఫైలులోని మాటలు కాపీ చేసి పంపాను. ‘చి.ల.సౌ.’ ఉండవలసిన చోట దాని మాక్‌లో రెండు ఆంగ్లాక్షరాలు, ఒక డాలరు గుర్తు, మూడు ఆశ్చర్యార్థకాలు ప్రత్యక్షమయ్యాయి. ‘మామయ్యా, ఇది అమ్మ పేరా, వైఫై పాస్‌వర్డా?’ అని అడిగింది. తప్పు మాక్‌ది కాదు, విండోస్‌ది అసలే కాదు, నాది. ఇరవై ఏళ్ల అక్షరాలను ఒక్క ఫాంట్ చేతిలో పెట్టి, తాళంచెవి కూడా దానికే ఇచ్చాను.

లైనక్స్ గురించి మీరు ఎప్పుడూ మనస్ఫూర్తిగా అడగలేదు కనుక క్లుప్తంగా చెబుతాను. లీనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఆ వ్యవస్థకు వెల లేదు, పాత యంత్రమంటే చిన్నచూపూ లేదు. దాన్ని తెలుగులోకి తేవడానికి మన ఊరి స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు చాలా శ్రమపడ్డారు. కానీ బొమ్మలు దిద్దే ఫోటోషాప్ గానీ, పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ గానీ దానికోసం తయారు కాలేదు, కాబట్టి నా పూట గడవదు. అదీగాక ఏదైనా మొరాయిస్తే, సాయం చేసేవాడు నల్లటి తెర తెరిచి అందులో మంత్రం టైపు చేయమంటాడు. ఒక స్వరం తప్పితే ఫలం తారుమారు. ఐనా ఒప్పుకోవాలి, ఈ ఉత్తరం దానిమీదే రాస్తున్నాను. పక్కన పడేసిన ఒక పాత ల్యాప్‌టాప్‌లో దాన్ని వేసుకుని, యాభై దాటాక ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకుంటున్నాను. ఆ అమరిక మూడు వ్యవస్థల్లోనూ ఉంది, సిలికానాంధ్రవారు ఉచితంగా ఇచ్చిన మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు కూడా మూడింటిలోనూ పనిచేస్తాయి. వేళ్లకు మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. ‘క’ కొట్టబోతే పాత అలవాటు వచ్చి ఇంకేదో పడుతోంది.

కాబట్టి ప్రశ్న గారూ, మళ్లీ మా ఇంటికి దయచేసేటప్పుడు ఒంటరిగా రాకండి. ఆ మనిషి చేసే పనేమిటో, ఇంట్లో ఇప్పటికే ఉన్న ఫైళ్లు ఏ పెట్టెలో ఉన్నాయో, చెడితే ఎవరికి ఫోన్ చేస్తాడో, ఆ ముగ్గురినీ వెంటబెట్టుకు రండి. ముఖ్యంగా, భోజనాలు అయ్యాక రండి.

మా బావమరిది సంగతి చెప్పడం మరిచాను. పెద్దకర్మనాడు అంతసేపు విని, తల ఊపి, వారం తిరక్కుండా మాక్‌బుక్ కొన్నాడు. వాళ్ల అబ్బాయి స్నేహితుడికి అదే ఉందట. రాణిగంజ్‌లోని అతని ఇనుప సామాను దుకాణం లెక్కలన్నీ పదిహేనేళ్లుగా ట్యాలీలోనే ఉన్నాయి, ట్యాలీ మాక్ మీద నేరుగా ఎక్కదు. నిన్న రాత్రి పదిన్నరకు ఫోన్ చేసి, ‘బావా, ఇందులో ట్యాలీ ఎక్కడుంది?’ అన్నాడు. ఆ ప్రశ్న గారు మీ తమ్ముడుగారే అనుకుంటాను, పోలికలు కనిపించాయి. వారికి విడిగా ఉత్తరం రాస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు,
చిక్కడపల్లి డీటీపీ మనిషి