ఢిల్లీ పంపలేదు కాబట్టే బాలుకు కప్పు రాలేదా?

నెల్లూరు, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పైన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఫోటో, పక్కన జెండా, కింద పేరా నిండా ఆవేదన. క్లుప్తంగా ఇదీ సంగతి: యూరప్‌లో ఏటా యూరోవిజన్ అని పాటల పోటీ జరుగుతుంది. ప్రతి దేశ ప్రభుత్వమూ జనం చేత ఓట్లేయించి, తన పౌరుడైన గాయకుణ్ణి, మాతృభాషలో పాటతో పంపుతుంది. ఆస్ట్రేలియాను తెల్లవాళ్ళ దేశమని చేర్చుకున్నారు, మనల్ని రంగు చూసి పక్కన పెట్టారు. ఢిల్లీ ఒక్క ఉత్తరం రాసుంటే మన నెల్లూరు బాలు కప్పు పట్టుకొచ్చేవాడు. కేంద్రం పంపింది కనుకే 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చింది. నిజమైన తెలుగువాడైతే షేర్ చేయండి.

ఇందులో బాలు మీద అభిమానం ఒక్కటే నిఖార్సైనది. మిగతా మాటలు ఒక్కొక్కటే చూద్దాం.

"ప్రతి దేశ ప్రభుత్వమూ పాటను పంపుతుంది."

పంపేది ప్రభుత్వం కాదు, టీవీ సంస్థ. ఈ పోటీని నడిపేది యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్. 1950లో పుట్టిన ప్రసార సంస్థల సంఘమది. తొలి పోటీ 1956లో స్విట్జర్లాండులోని లుగానోలో ఏడు దేశాలతో జరిగింది. స్వీడన్ పేరు మీద పాట పంపేది ఎస్‌వీటీ, ఇటలీ పేరు మీద రాయ్, బ్రిటన్ పేరు మీద బీబీసీ. పాటను ఎలా ఎంచుకోవాలన్నది ఆ సంస్థ ఇష్టం. అంటే మన లెక్కలో దూరదర్శన్ చేయాల్సిన పని, సాంస్కృతిక మంత్రిత్వ శాఖ చేయాల్సింది కాదు.

రాజకీయం అసలు చొరబడదని నేను అనను. 2019లో ఉక్రెయిన్‌లో మారువ్ అనే గాయని జాతీయ పోటీ గెలిచింది. రష్యాలో కచేరీలు చేయకూడదన్న షరతు మీద అక్కడి ప్రసార సంస్థతో పేచీ వచ్చి, ఒప్పందం మీద సంతకం పెట్టనంది. తర్వాతి స్థానాల్లో ఉన్నవాళ్ళూ ఒప్పుకోలేదు. ఆ ఏడాది ఉక్రెయిన్ పోటీకే రాలేదు. 2021లో బెలారుస్ పంపిన పాటలో రాజకీయం ఉందని యూనియన్ వెనక్కి కొట్టింది, మార్చి పంపిన రెండో పాటా నిబంధనలకు ఒప్పలేదని ఆ దేశాన్ని ఆ ఏడు పోటీ నుంచే తప్పించింది. కానీ గమనించండి, ఈ రెండు గొడవల్లోనూ బల్లకు అటూ ఇటూ కూర్చున్నది ప్రసార సంస్థలూ, యూనియనూ, గాయకులే. 

"జనం ఓట్లతో గెలిచిన పాటే వెళుతుంది."

అసలు తమాషా అంతా ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చెబుతాను. ఎంపికలో ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. స్వీడన్‌లో మెలోడిఫెస్టివాలెన్ అని వారాల తరబడి సాగే పోటీ ఉంటుంది. ఫైనల్లో సగం మార్కులు విదేశీ జ్యూరీలవి, సగం ప్రేక్షకులవి. ఇటలీవాళ్ళకు శాన్‌రెమో అనే పాటల పోటీ ఉంది. 1951లోనే మొదలైంది కాబట్టి వయసులో యూరోవిజన్ కంటే అదే పెద్దది, నిజానికి యూరోవిజన్‌కు ఊహ పుట్టిందే దాన్ని చూసి. శాన్‌రెమో గెలిచినవాళ్ళకు యూరోవిజన్ పిలుపు మొదట అందుతుంది, వెళ్ళి తీరాలని లేదు. 2025లో ఒల్లీ అనే కుర్రాడు గెలిచి, నేను వెళ్ళనన్నాడు. రెండో స్థానంలో వచ్చిన లూచో కోర్సీ, ఆ ఏడు యూరోవిజన్ జరిగిన స్విట్జర్లాండు ఊరు బాసెల్‌కు వెళ్ళాడు. అక్కడ వేదిక మీద వాయిద్యాలు నిజంగా వాయించడానికి వీల్లేదు, సంగీతమంతా ముందే రికార్డు చేసుకొచ్చిన ట్రాకే. అతను హార్మోనికా జేబులోంచి తీసి, గొంతుకు పెట్టిన మైకులోనే ఊదేశాడు. ఐదో స్థానం వచ్చింది.

ఇక స్పెయిన్ సంగతి. 2022లో బెనిడోర్మ్ ఫెస్ట్ అని జాతీయ పోటీ పెట్టారు. గలీసియా ప్రాంతం నుంచి తాన్షుగెయిరాస్ అనే ముగ్గురు ఆడవాళ్ళ బృందం వచ్చింది. చేతుల్లో మన కంజిర లాంటి వాయిద్యం, పాట వాళ్ళ గలీసియన్ భాషలో. జనం ఫోన్ ఓట్లలో 70 శాతానికి పైగా వాళ్ళకే పడ్డాయి. గెలిచిందెవరు? చనేల్ అనే డాన్సర్. ఆమెకు ఫోన్ ఓట్లలో వచ్చింది 4 శాతం లోపే. మొత్తం మార్కుల్లో ఫోన్ ఓట్ల వాటా నాలుగో వంతే, జ్యూరీది సగం. మిగిలిన నాలుగో వంతు ముందుగా ఎంచిన ప్రేక్షకుల నమూనాది. మన దగ్గర ఎన్నికల ఫలితాల మీద జరిగేంత రచ్చ జరిగింది. పార్టీలు పార్లమెంటులో ప్రశ్నలు వేశాయి. చనేల్ మీద సోషల్ మీడియాలో బూతులు కురిశాయి. తర్వాత ఆమె ఆ ఏడు యూరోవిజన్ జరిగిన ట్యూరిన్ వెళ్ళి మూడో స్థానం తెచ్చింది, 1995 తర్వాత స్పెయిన్‌కు అంత మంచి ఫలితం లేదు. అయితే జ్యూరీ చేసింది సబబేనా? గెలుపు లెక్క వేరు, న్యాయం లెక్క వేరు. నన్నడిగితే, నూటికి డెబ్బై మంది అడిగిన పాటను పక్కన పెట్టే పద్ధతికి జనం ఓటు అని పేరు పెట్టకుండా ఉండాల్సింది.

బ్రిటన్‌లో 2016 నుంచి 2019 దాకా టీవీ షోలో జనం ఓట్లు కూడా కలిపి ఎంచుకున్నారు. 2019లో అలా వెళ్ళిన పాట ఆఖరి స్థానంలో నిలిచింది. సరే, ఓట్లు వద్దని బీబీసీ తలుపులు మూసి లోపలే ఎంపిక చేస్తే 2021లో సున్నా వచ్చింది. జ్యూరీల దగ్గరా సున్నా, జనం దగ్గరా సున్నా. మరుసటి ఏడాది కూడా లోపలే ఎంచుకున్నారు, ఈసారి శామ్ రైడర్ 466 పాయింట్లతో రెండో స్థానం తెచ్చాడు. ఈ పద్ధతి అయితే గెలుస్తాం అని గ్యారంటీ ఇచ్చే నాథుడు అక్కడా లేడు.

గెలిచినవాళ్ళే వెళతారన్న మాటకు ఇంకో చిల్లు కూడా ఉంది. 2022లో ఉక్రెయిన్ జాతీయ పోటీ గెలిచింది అలీనా పాష్. రష్యా ఆక్రమించుకున్న క్రిమియాకు 2015లో ఆమె వెళ్ళిన తీరు మీద, ఆ ప్రయాణ కాగితాల మీద వివాదం రేగి తప్పుకుంది. రెండో స్థానంలో ఉన్న కలూష్ ఆర్కెస్ట్రాను పంపారు. యూరోవిజన్ గెలిచింది ఆ రెండో స్థానం వాళ్ళే.

"గాయకుడు ఆ దేశ పౌరుడై ఉండాలి, మాతృభాషలో పాడాలి."

రెండూ తప్పే. 1988లో స్విట్జర్లాండుకు గెలిపించిన సెలీన్ డియాన్ కెనడా ఆవిడ. లక్సెంబర్గ్ ఐదుసార్లు గెలిచింది, ఐదుగురిలో ఒక్కరూ లక్సెంబర్గ్‌వాళ్ళు కారు. నలుగురు ఫ్రెంచివాళ్ళు, ఒకావిడ గ్రీకు. 2025లో స్వీడన్ పంపిన కాయ్ బృందం స్వీడిష్ మాట్లాడే ఫిన్లాండు కుర్రాళ్ళది. పైగా వాళ్ళు పాడింది పుస్తకాల స్వీడిష్ కాదు, తమ వోరో ఊరి యాస. మనవాడొకడు ఆత్మకూరు యాసలోనే పాట కట్టి హైదరాబాదు పోటీకి వెళ్ళి, పేరున్నవాళ్ళను ఓడించాడనుకోండి, అలాంటిదే జరిగింది. స్వీడన్ జాతీయ పోటీలో వాళ్ళ చేతిలో ఓడినవాళ్ళలో 2015 యూరోవిజన్ విజేత కూడా ఉన్నాడు. బాసెల్‌లో కాయ్‌కు నాలుగో స్థానం వచ్చింది.

భాష నియమం మాత్రం ఒకప్పుడు ఉండేది. 1966 నుంచి 1972 దాకా, మళ్ళీ 1977 నుంచి 1998 దాకా దేశ భాషలోనే పాడాలన్నారు. ఆ మధ్య సందులో, 1974లో, అబ్బా బృందం స్వదేశంలో స్వీడిష్‌లో పాడి గెలిచి, యూరోవిజన్ జరిగిన బ్రిటన్ ఊరు బ్రైటన్‌కు వచ్చి అదే పాటను ఇంగ్లీషులో పాడి కప్పు కొట్టేసింది. 1999 నుంచి ఎవరి ఇష్టం వాళ్ళది.

"రంగు చూసి మనల్ని పక్కన పెట్టారు."

యూనియన్‌లో పూర్తి సభ్యత్వం కావాలంటే ఆ సంస్థ యూరోపియన్ ప్రసార ప్రాంతంలోనో, కౌన్సిల్ ఆఫ్ యూరప్ దేశంలోనో ఉండాలి. ఆ ప్రాంతానికి తూర్పు హద్దు సుమారు 40 డిగ్రీల రేఖాంశం దగ్గర ఉండేది, తర్వాత జార్జియా, ఆర్మేనియా, అజర్‌బైజాన్ అనే కాకసస్ దేశాల కోసం కొంచెం జరిపారు. దక్షిణ హద్దు 30 డిగ్రీల ఉత్తర అక్షాంశం. నెల్లూరు ఉన్నది 80 డిగ్రీల తూర్పున, 14 దాటిన ఉత్తర అక్షాంశం మీద. గీత కాగితం మీద గీసింది, ఒంటి రంగు మీద కాదు. ఆ గీత లోపలే ఉంది కాబట్టి 1980లో మొరాకో కూడా పాడింది.

గీతకు బయట ఉన్న ఆస్ట్రేలియాను 2015లో ప్రత్యేకంగా పిలిచారు. అక్కడి ఎస్‌బీఎస్ ఛానెల్ 1983 నుంచి ఈ పోటీని చూపిస్తూ వచ్చింది. తెల్లవాళ్ళ దేశమని పిలిచారనుకునేవాళ్ళు, ఆస్ట్రేలియా ఎవర్ని పంపిందో చూడాలి. మొదటి ఏడు వెళ్ళిన గై సెబాస్టియన్ మలేషియాలో పుట్టినవాడు, మరుసటి ఏడు రెండో స్థానం తెచ్చిన డామీ ఇమ్ దక్షిణ కొరియాలో పుట్టింది. అంతకు ముందే, 2001లో ఎస్టోనియాకు గెలిపించిన ఇద్దరు గాయకుల్లో ఒకరైన డేవ్ బెంటన్ కరీబియన్ దీవి అరూబాలో పుట్టిన నల్లజాతి గాయకుడు. యూరప్‌లో వర్ణ వివక్ష లేదని ఎవరూ అనరు. ఈ తలుపు దగ్గర మనల్ని ఆపింది అది కాదు, అంతే.

"ఉత్తరం రాసుంటే బాలు గెలిచేవాడు."

అది పాటల పోటీ, గాయకుల పోటీ కాదు. పాట కొత్తదై ఉండాలి, మూడు నిమిషాలు దాటకూడదు, వేదిక మీద ఆరుగురికి మించకూడదు. ముందటేడు సెప్టెంబరుకు ముందే విడుదలై ఊరంతా మోగిన సినిమా పాట పనికిరాదు. పల్లవి, రెండు చరణాలు, మధ్యలో వయొలిన్ల గుంపు, ఫ్లూటు బిట్టు అంటే మూడు నిమిషాల్లో ఎక్కడ సర్దుతారు? ఆ వయొలిన్లూ అక్కడ లేవు, యూరోవిజన్ వేదిక మీద ఆర్కెస్ట్రా ఆఖరుసారి వాయించింది 1998లో.

పోటీల సంగతి బాలుకు ఎవరూ నేర్పక్కర్లేదు. కుర్రతనంలో గూడూరులో జరిగిన పోటీలో తనకు రెండో బహుమతే వచ్చిందనీ, అతిథిగా వచ్చిన ఎస్. జానకి మొదటిది ఈ అబ్బాయికి రావాల్సిందని వేదిక మీదే అన్నారనీ ఆయన చెప్పుకునేవారు. తర్వాత నాలుగు భాషల్లో ఆరు జాతీయ అవార్డులు వచ్చాయి. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ పాడినవాడికి ఎస్టోనియా ఫోన్ ఓట్లు పడలేదని ఏడవడం ఏందయ్యా?

"కేంద్రం పంపింది కనుకే నాటు నాటుకు ఆస్కార్."

ఇది అన్నింటికంటే తేలిగ్గా తేలిపోయే అబద్ధం. దేశం పేరున సినిమా వెళ్ళేది అంతర్జాతీయ చిత్రం విభాగానికి మాత్రమే, దాన్ని ఎంచేది కూడా ప్రభుత్వం కాదు, ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. ఆ ఏడాది వాళ్ళు ఎంచింది గుజరాతీ సినిమా 'ఛెల్లో షో'. అది పదిహేను సినిమాల జాబితా దాకా వెళ్ళి ఆగింది. 'ఆర్ఆర్ఆర్' దేశం తరఫున వెళ్ళనే లేదు. అమెరికా థియేటర్లలో ఆడి, అక్కడి పంపిణీదారు ప్రచారం చేసి, అన్ని సినిమాలతో పాటు మామూలు వరుసలో నిలబడింది. పాటను నామినేట్ చేసింది అకాడమీ సంగీత విభాగం సభ్యులు, 2023 మార్చిలో కీరవాణి, చంద్రబోస్‌ల చేతికి ఆ బొమ్మ వచ్చింది అకాడమీ సభ్యులందరి ఓట్లతో. ఆ ఓటర్లలో మన కేంద్ర ప్రభుత్వం లేదు.