స్టాంపు కాగితంపై విడాకులా?

వంద రూపాయల స్టాంపు కాగితం, నోటరీ ముద్ర, కింద నలుగురు పెద్దమనుషుల సాక్షి సంతకాలు. ‘ఇకమీదట ఒకరిపై ఒకరికి ఎలాంటి హక్కులూ లేవు’ అని ఒక వాక్యం. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఇలాంటి కాగితాలు కొత్త కాదు. ఈ తంతుకు ‘మధ్యవర్తిత్వం’ అని పేరు పెట్టుకోవడమే కొత్త. పంచాయితీకి బోర్డు మార్చినంత మాత్రాన అది మధ్యవర్తిత్వం అయిపోదు.

కోర్టుకెక్కితే ఏళ్లు పడుతుందని, పెద్దమనుషులైతే ఒక్కపూటలో తేలుస్తారని అనేవారున్నారు. ఆలస్యం నిజమే. మరి ఆ ఒక్కపూటలో తేలిందేమిటి? హిందూ దంపతులకు కోర్టు డిక్రీ లేనిదే పెళ్లి రద్దు కాదు. ఆచారం ప్రకారం విడాకులకు హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ చోటిస్తుంది గానీ, ఆ ఆచారాన్ని సాక్ష్యాలతో రుజువు చేయాలి. ‘మా కులంలో ఇంతే’ అంటే చెల్లదు. కాగితాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. పరస్పర సమ్మతితో విడిగా ఉంటున్న భార్యకు మనోవర్తి రాదని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ చెబుతోంది. ‘ఇద్దరి ఇష్టంతోనే వేరుగా ఉంటున్నాం’ అని పెద్దమనుషులు రాయించిన వాక్యంతో విడాకులు రావు, మనోవర్తి ఎగ్గొట్టడానికి సాకు మాత్రం దొరుకుతుంది. రాసినవారికి ఈ సంగతి తెలియకపోవచ్చు. భర్త తరఫు ప్లీడరుకు బాగా తెలుసు.

అసలు మధ్యవర్తిత్వంలో శిక్షణ పొందిన వ్యక్తి ఇద్దరినీ కలిపి, తర్వాత విడివిడిగా కూర్చోబెట్టి వింటారు. అక్కడి మాటలు జడ్జి దాకా వెళ్లవు, రాజీ కుదిరిందా లేదా అన్నదే వెళుతుంది. ఇష్టం లేకపోతే లేచి వచ్చేయొచ్చు. డిపాజిట్ కట్టించుకుని కూర్చోబెట్టే పంచాయితీలో అలా లేచి చూడండి! జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసాయం ఉచితం. ఫోన్ నంబరు 15100. పల్లెల్లో ఎంతమందికి తెలుసు?

రాజీపత్రం ఎలా రాస్తున్నారన్నదీ ముఖ్యమే. ‘బంగారం తిరిగి ఇవ్వాలి’ అని వదిలేస్తే గొడవ మళ్లీ మొదటికొస్తుంది. ఏ నగ, ఎన్ని గ్రాములు, ఏ తేదీన, ఎవరి ఎదుట అని ఉండాలి. ‘వీలున్నప్పుడు బిడ్డను చూపించాలి’ అంటే ఆ వీలు ఎప్పటికీ రాదు. ఏ వారం, ఎన్ని గంటలకు, ఎక్కడ అప్పగించాలి, సంక్రాంతి సెలవులు ఎవరివి, బడి ఫీజు ఎవరిది అని తేల్చాలి. పరస్పర సమ్మతితో కోర్టులో విడాకులు కోరేటప్పుడు, డబ్బు సగం తొలి పిటిషన్ రోజున, మిగతాది తుది విచారణ రోజున డీడీగా ఇప్పిస్తే ఇద్దరికీ భరోసా. మధ్యలో ఉన్న ఆరు నెలల గడువును తగిన కేసుల్లో మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. పెండింగ్ కేసులన్నీ నంబర్లతో సహా రాయాలి. ఇవేవీ లేని కాగితాన్ని రాజీ అనడం మోసం.

పోలీసుల తీరూ ఇంతే. పెళ్లి గొడవల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ జరపవచ్చని సుప్రీంకోర్టు 2013లో అన్నది నేరం జరిగిందో లేదో తేల్చుకోవడానికి. ఒళ్లంతా దెబ్బలతో వచ్చిన మనిషికి ‘సర్దుకుపోమ్మా’ అని చెప్పడానికి కాదు. కొట్టినవాడి పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగితే ఆమె నోట వచ్చే ‘సరే’ సమ్మతి ఎలా అవుతుంది?

ప్లీడర్లకూ ఒక మాట. 1990లో మిన్నెసోటా న్యాయవాది స్టూవర్ట్ వెబ్ మొదలుపెట్టిన సహకార న్యాయ విధానంలో రాజీ కుదరకపోతే ఇరుపక్షాల లాయర్లూ ఆ కేసు నుంచి తప్పుకుంటామని ముందే సంతకం చేస్తారు. గొడవ సాగితే ఫీజు పెరిగే దారి అక్కడ మూతపడుతుంది. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, రాతపూర్వక ఒప్పందం చాలు. చేయడానికి మన బార్ అసోసియేషన్లకు అడ్డమేమిటి?

కేంద్రానిదీ అదే అలసత్వం. మధ్యవర్తిత్వ చట్టాన్ని 2023లో ఆర్భాటంగా తెచ్చి, ఆ అక్టోబరులో కొన్ని సెక్షన్లనే అమల్లోకి తెచ్చింది. నోటరీలు పెళ్లి, విడాకుల పత్రాలు చేయరాదని 2024లో న్యాయశాఖ చెప్పింది. ఆ మాటను కోర్టు గేటు పక్కన బల్ల వేసుకున్నవారి చేత పాటింపజేయడానికి జిల్లా యంత్రాంగానికి ఇంకెవరి అనుమతి కావాలి? ఇలాంటి కాగితంపై ముద్ర వేసిన నోటరీ లైసెన్సు రద్దుకు సిఫారసు పంపండి. ముందు ఆ పని చేసి, తర్వాత అవగాహన సదస్సులు పెట్టుకోండి.